చంద్రుడి ఫోటోలు నిజమా, నకిలీనా? తాతయ్యకి నేను పంపిన దొంగ ఫోటో నుంచి మొదలుపెడదాం

ఇవాళ్టి ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

2023 ఆగస్టు 23 సాయంత్రం మీరు ఎక్కడున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన రోజు. మా తాతయ్య వాళ్ళది నాయుడుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దె మీద నుంచి కనిపిస్తుంది. అందుకని ఇస్రో అంటే ఆయనకి సొంతింటి వ్యవహారం లాగా ఉంటుంది. సరే, మర్నాడు నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. బూడిదరంగు నేల మీద మన మూడు సింహాల గుర్తు, దాంతో పాటు ఇస్రో లోగో, రబ్బరు స్టాంపు గుద్దినంత స్పష్టంగా ఉన్నాయి. ప్రజ్ఞాన్ రోవర్ చక్రం చంద్రుడి మీద వేసిన ముద్ర అని కింద రాసుంది. నేను ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. తాతయ్య దాన్ని ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టించుకున్నాడు. టీ కొట్టు దగ్గర అందరికీ చూపించాడట కూడా.

రెండు రోజులు గడిచేసరికి అసలు సంగతి బయటపడింది. అది ఒక ఆర్టిస్ట్ కంప్యూటర్‌లో తయారుచేసుకున్న బొమ్మ. రోవర్ వెనక చక్రాల మీద ఆ గుర్తులు చెక్కిన మాట నిజమే. కానీ ఆ ఫోటో చంద్రుడి మీద తీసింది కాదు. తాతయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు. "అయితే ఒరేయ్, అరవై తొమ్మిదిలో మేం పేపర్లో చూసిందీ ఇట్టాంటిదేనా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. ఇంటర్‌లో ఉన్నప్పుడు హాస్టల్‌లో "అమెరికా వాళ్ళు స్టూడియోలో తీశారు రా, ఆకాశంలో చుక్కలేవి చూడు" అని అర్ధరాత్రి దాకా వాదించిన బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. అప్పుడు గెలిచింది కూడా మేమే. మా వాదన బలంగా ఉందని కాదు, అవతలి వాడికి నిద్రొచ్చింది. అందుకని ఈసారి తాతయ్య కోసం కూర్చుని, అసలు ఆ ఫోటోలు ఎలా తీశారు, ఎక్కడ అనుమానం వచ్చింది, అందులో ఎంత నిజం ఉంది అని వరసగా చూశాను.

ముందు ఈ అనుమానం ఎక్కడ పుట్టిందో త్వరగా చెప్పేస్తాను. 1976లో బిల్ కేసింగ్ అనే అమెరికన్ ఒక పుస్తకం సొంతంగా అచ్చేసుకున్నాడు. మనం చంద్రుడి మీదకి వెళ్ళనే లేదు అని. సాటర్న్ రాకెట్ ఇంజన్లు తయారుచేసిన రాకెట్‌డైన్ కంపెనీలో ఆయన పనిచేశాడు, కానీ ఇంజనీర్‌గా కాదు, టెక్నికల్ రాతకోతల విభాగంలో. అదీ 1963లోనే మానేశాడు. తర్వాత 1978లో కాప్రికార్న్ వన్ అనే సినిమా అమెరికాలో రిలీజ్ అయింది. అందులో ప్రభుత్వం అంగారక యాత్రని స్టూడియోలో తీసి జనాన్ని నమ్మిస్తుంది. 2001 ఫిబ్రవరిలో ఫాక్స్ టీవీ ఇదే అనుమానం మీద గంట ప్రోగ్రాం వేసింది. ఇవాళ మీ ఫోన్‌కి వచ్చే నలభై సెకన్ల వీడియోల్లో ముప్పావు వంతు సరుకు ఆ ప్రోగ్రాంలోదే. మ్యూజిక్ మాత్రం కొత్తది.

ఇప్పుడు అసలు ఫోటో దగ్గరికి వద్దాం. స్క్రీన్ మీద పెట్టాను చూడండి. వీడియో చూడకుండా ఇది చదువుతున్న వాళ్ళకి మాటల్లో చెప్తాను. తెల్ల సూట్ వేసుకున్న ఒక మనిషి మనవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి కొంచెం పైకి మడిచి ఉంది. హెల్మెట్ అద్దం బంగారు రంగులో మెరుస్తోంది. అందులో ఇంకో మనిషి చిన్నగా కనిపిస్తున్నాడు, పక్కన ఈగిల్ అనే ఆ దిగిన వాహనం. "చంద్రుడిపై ఆర్మ్‌స్ట్రాంగ్" అని మీరు ఏ పోస్టర్ మీద చూసినా, జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చూసినా, ఎక్కువగా ఈ ఫోటోనే ఉంటుంది.

అది ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు. బజ్ ఆల్డ్రిన్. ఫోటో తీసింది ఆర్మ్‌స్ట్రాంగ్. అద్దంలో చిన్నగా కనిపిస్తున్నాడే, ఆయన. నేల మీద ఉన్నంతసేపు కెమెరా ఎక్కువ భాగం ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే ఉంది కాబట్టి, చంద్రుడి మీద కాలు పెట్టిన మొదటి మనిషికి అక్కడ సరైన ఫోటోలే దాదాపు లేవు. ఒకదాంట్లో వీపు కనిపిస్తుంది, పని చేసుకుంటూ. అలాగే బూటు ముద్ర ఫోటో ఉంది కదా, "మానవుడి మొదటి అడుగు" అని. అది కూడా ఆల్డ్రిన్ బూటు. మట్టి ఎలా అణుగుతుందో చూడ్డానికి ఆయన కావాలని వేసిన ముద్ర. మొదటి అడుగు కాదు.

ఫోటో నిజమైనదే, కింద రాసిన మాట తప్పు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఆ కెమెరా హాసెల్‌బ్లాడ్, స్వీడన్‌ది. 70 ఎంఎం ఫిల్మ్. చేతికి లావుపాటి గ్లవుజులు, తలకి హెల్మెట్. కన్ను పెట్టి చూసే అవకాశమే లేదు. అందుకని కెమెరాని ఛాతీ దగ్గర సూట్‌కి తగిలించుకున్నారు. ఎటు తీయాలంటే మనిషే అటు తిరగాలి. మీరు ఫోన్‌ని చొక్కా జేబులో పెట్టుకుని, స్క్రీన్ చూడకుండా పెళ్ళి ఫోటోలు తీయండి, ఎలా వస్తాయో తెలుస్తుంది. తలలు తెగుతాయి. అక్కడా అదే జరిగింది. ఆల్డ్రిన్ ఫోటో అసలు ఫ్రేములో నేల ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. పైన ఆయన హెల్మెట్ పైభాగం దగ్గరికి ఫోటో అంచు వచ్చేసింది, వీపు సంచి మీద ఉండే యాంటెనా తెగిపోయింది.

మరి పోస్టర్లలో తల మీద అంత నల్లటి ఆకాశం ఎక్కడిది? తర్వాత అతికించారు. పత్రికలకి అందంగా ఉండాలని ఫోటోని కొంచెం తిప్పి, పైన నల్లటి పట్టీ కలిపారు. అంటే మన వాట్సాప్ మేధావులు అన్నది ఒక రకంగా కరెక్టే. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మంది చూసిన చంద్రుడి ఫోటోకి నిజంగానే ఎడిటింగ్ జరిగింది. కాకపోతే వాళ్ళు చుక్కలు లేవని వెతుకుతూ, యాంటెనా లేదన్నది చూడలేదు.

ఇది తెలిసినప్పుడు నాకు చిన్న షాక్. మళ్ళీ హాస్టల్ బ్యాచ్‌లోకి వెళ్ళిపోదామా అనిపించింది. కానీ అసలు ఫ్రేము దాచిపెట్టలేదు. ఏఎస్11-40-5903 అని దాని నంబరు. అంటే అపోలో 11, మ్యాగజైన్ 40, ఫ్రేము 5903. దాని ముందు 5902 ఉంది, వెనక 5904 ఉంది. ఎవరైనా చూడొచ్చు. నేను తాతయ్యకి పంపిన ముద్ర ఫోటోకి ముందు ఫ్రేము ఏది, వెనక ఫ్రేము ఏది అని అడిగుంటే అక్కడే దొరికిపోయేది.

చుక్కల సంగతి ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు, మీ ఫోన్‌తోనే. రాత్రి పూట వీధి దీపం కింద తెల్ల చొక్కా వేసుకున్న ఫ్రెండ్‌ని నిలబెట్టండి. కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, ముఖం తెల్లగా పేలిపోకుండా వెలుగు సరిచేసి తీయండి. ఆకాశంలో ఒక్క చుక్క కూడా పడదు. చంద్రుడి మీద వాళ్ళు దిగింది పగలు. మండే ఎండలో తెల్ల సూట్లు. సెకనులో 250వ వంతు సేపే షట్టర్ తెరిచారు. చుక్కలు పడాలంటే సెకన్ల కొద్దీ తెరిచి ఉంచాలి. అప్పుడు మనుషులు, నేల అంతా తెల్లటి మచ్చలైపోతారు.

నీడల విషయం కొంచెం చిక్కు. "సూర్యుడు ఒక్కడే అయితే నీడలు సమాంతరంగా ఉండాలి కదా, ఇక్కడ ఒకటి ఇటు, ఒకటి అటు పోతున్నాయి, కాబట్టి స్టూడియో లైట్లు" అంటారు. వినడానికి బాగుంటుంది. నేను కూడా దీనితోనే హాస్టల్‌లో అందరి నోళ్ళు మూయించాను. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఏడింటికి మా వీధిలో నిలబడి, ఎండ వీపుకి పెట్టుకుని, కరెంటు స్తంభాల నీడల్ని ఫోటో తీశాను. నేల మీద నడిచి చూస్తే అవి చక్కగా సమాంతరం. ఫోటోలో చూస్తే రైలు పట్టాల్లాగా దూరంగా పోయేకొద్దీ దగ్గరికి వచ్చేస్తున్నాయి. ఒక స్తంభం నీడ కాలువ దాటేచోట వంకర కూడా తిరిగింది. మా వీధిలో ఏ స్టూడియో లైటూ లేదు. ఉన్న లైటే సరిగ్గా వెలగదు. ఇంకో మాట. నిజంగా రెండు మూడు పెద్ద లైట్లు వాడితే ఒక్కో మనిషికి రెండు మూడు నీడలు పడాలి. క్రికెట్ స్టేడియంలో రాత్రి మ్యాచ్ చూడండి. అపోలో ఫోటోల్లో ఒక్కొక్కరికి ఒక్కటే నీడ.

మరి వాహనం నీడలో ఉన్న ఆల్డ్రిన్ అంత స్పష్టంగా ఎలా కనిపించాడు? మిట్టమధ్యాహ్నం సిమెంటు వాకిలి ముందు, గుమ్మం లోపల నీడలో నిలబడిన మనిషి ముఖం మనకి కనిపించదా? వాకిలి మీద పడిన ఎండే లోపలికి కొడుతుంది. అక్కడా చుట్టూ ఎండ పడిన నేలే.

జెండా రెపరెపల గురించి ఎక్కువ చెప్పను. పైన అడ్డంగా ఒక కడ్డీ ఉంది, దానికి వేలాడదీశారు. ఆ కడ్డీని పూర్తిగా లాగడం కుదరలేదు, ముడతలు మిగిలాయి. అంతే.

నాకు వీటన్నిటికన్నా నచ్చిన కథ "సి" రాయిది. అపోలో 16, 1972. ఆ ఫోటోల్లో ఒకదాంట్లో ముందు ఉన్న ఒక రాయి మీద ఇంగ్లీషు అక్షరం "సి" ఉన్నట్టు కనిపిస్తుంది. సినిమా సెట్లలో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో గుర్తు కోసం అక్షరాలు రాస్తారు, దాన్ని చెరపడం మర్చిపోయారు అని ప్రచారం. నిజంగా ఆ కాపీలో "సి" ఉంది. నేనూ జూమ్ చేసి చూశాను, ఉంది. ఎవరూ మార్ఫింగ్ చేయలేదు. అయితే అసలు ఫిల్మ్‌లో అదే రాయిని చూస్తే ఏమీ లేదు. పాత కాపీల్లోనూ లేదు. ఒక్క తరం కాపీలో, ప్రింట్ తీసేటప్పుడో స్కాన్ చేసేటప్పుడో, వెంట్రుక లాంటి సన్నటి పోగు ఏదో మీద పడింది. అది వంకర తిరిగి "సి" అయింది. ఆ కాపీ ప్రపంచమంతా తిరిగింది.

ఇలాంటిదే ఇంకొకటి. అపోలో ఫోటోల మీద చిన్న చిన్న ప్లస్ గుర్తులు ఉంటాయి, గమనించే ఉంటారు. కెమెరా లోపల ఫిల్మ్ ముందు ఒక గాజు పలక పెట్టి దాని మీద చెక్కారు, కొలతల కోసం. కొన్ని ఫోటోల్లో ఆ ప్లస్ గీత ఒక తెల్లటి వస్తువు వెనక్కి వెళ్ళినట్టు కనిపిస్తుంది. "చూశారా, బొమ్మ అతికించారు" అంటారు. బాగా వెలుతురున్న తెల్లటి చోట ఫిల్మ్ మీద ఆ వెలుగు పక్కకి పాకి, సన్నటి నల్ల గీతని మింగేస్తుంది. కాపీకి కాపీ తీసేకొద్దీ గీత ఇంకా మాయమవుతుంది. ఇవాళ దొరికే పెద్ద స్కాన్లలో చూస్తే ఆ గీత పల్చగా అక్కడే ఉంటుంది. మీకు గ్రూపుల్లో వచ్చే ఫోటో ఎన్నో కాపీయో మీకే తెలియదు. స్క్రీన్‌షాట్‌కి స్క్రీన్‌షాట్.

"ఫోటోలు మరీ పర్‌ఫెక్ట్‌గా ఉన్నాయి, చూడకుండా తీస్తే అలా వస్తాయా?" అన్నది ఇంకో ప్రశ్న. మంచి ప్రశ్న. అపోలో 11లోనే దాదాపు 1,400 ఫ్రేములు తీశారు. పుస్తకాల్లో పడేవి పదో పదిహేనో. 2015లో అపోలో ఫోటోల పెద్ద స్కాన్లు 8,400కి పైగా ఫ్లికర్‌లో పెట్టారు. ఒక రాత్రంతా చూశాను. ఒరిగిపోయినవి, సగం నల్లగా వచ్చినవి, ఎండ నేరుగా లెన్స్‌లో పడి పాడైపోయినవి, ఎవరి మోచెయ్యో అడ్డం వచ్చినవి, ఏమీ లేని నేల ఫోటోలు పదుల కొద్దీ. దొంగ ఫోటోలు తీసేవాడు ఇన్ని చెత్త ఫోటోలు ఎందుకు తీస్తాడో నాకైతే అర్థం కాలేదు.

ఈ ఫిల్మ్ భూమికి వచ్చిన పద్ధతి కూడా వినండి. బరువు తగ్గించడానికి కెమెరాలని చంద్రుడి మీదే వదిలేసి, ఫిల్మ్ ఉన్న డబ్బాలు మాత్రం తెచ్చారు. జూలై 24న సముద్రంలో దిగారు. చంద్రుడి నుంచి ఏదైనా క్రిమి వస్తుందేమోనన్న భయంతో మనుషుల్ని, సామాన్లని అన్నిటినీ వేరుగా ఉంచారు. హ్యూస్టన్ ల్యాబ్‌లో ఒక ఫోటో టెక్నీషియన్ ఫిల్మ్ డబ్బా బయటికి తీసేసరికి దాని మీద ఉన్న చంద్రుడి మట్టి ఆయన చేతికి నల్లగా అంటుకుంది. పాపం ఆయన్ని కూడా వ్యోమగాములతో పాటు క్వారంటైన్‌లో పెట్టేశారు. గ్లవుజు లేకుండా చంద్రుడి మట్టిని ముట్టుకున్న మొదటి మనిషి ఆయనే అంటారు.

తాతయ్య ప్రశ్నకి కూడా ఇక్కడే ఒక ముక్క జవాబు ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది మన టైములో 1969 జూలై 21, సోమవారం పొద్దున 8 గంటల 26 నిమిషాలకి. ఆ వెంటనే పేపర్లలో వచ్చినవి ఈ అందమైన ఫోటోలు కావు. అప్పటికి ఫిల్మ్ ఇంకా చంద్రుడి దగ్గరే ఉంది. వచ్చింది టీవీ బొమ్మ. తాతయ్య మాటల్లో "బూడిద కలిపిన నీళ్ళలో మనిషి కదిలినట్టు" ఉండింది. ఆర్మ్‌స్ట్రాంగ్ దిగుతుంటే ఎవరు తీశారు అని అడుగుతారు కదా, వాహనం పక్కన మడిచిపెట్టిన ఒక టీవీ కెమెరా ఉంది. నిచ్చెన దగ్గర ఆయన ఒక పిడి లాగితే అది కిందికి తెరుచుకుంది. ఆ సిగ్నల్‌ని అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలో హనీసకిల్ క్రీక్, పార్క్స్ దగ్గర ఉన్న పెద్ద డిష్‌లతోనూ పట్టుకున్నారు.

నాసా చేసిన ఘోరమైన తప్పు ఒకటి ఉంది. దాన్ని వదిలేస్తే నేను నిజాయితీగా చెప్పినట్టు కాదు. ఆ టీవీ సిగ్నల్ అసలు రికార్డింగ్ టేపులు ఇప్పుడు లేవు. టేపుల కొరత వచ్చి, చెరిపేసి మళ్ళీ వాడేసుకున్నారు. వెతికి వెతికి 2009లో వాళ్ళే ఒప్పుకున్నారు. టీవీల్లో ప్రసారమైన కాపీలే మిగిలాయి, వాటినే శుభ్రం చేసి విడుదల చేశారు. మనిషి చరిత్రలో అంత పెద్ద రోజు రికార్డింగ్‌ని పాత సినిమా క్యాసెట్ మీద పెళ్ళి వీడియో ఎక్కించినట్టు చెరిపేస్తే అనుమానం రాక ఏమవుతుంది? అడిగేవాళ్ళని తప్పుపట్టలేను.

అయితే ఫోటోలు ఒంటరిగా లేవు. అదే నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు పట్టించుకోనిది. జూలై 1969లో ఇంగ్లండ్‌లో జోడ్రెల్ బ్యాంక్ టెలిస్కోపులు ఒకేసారి రెండు దేశాల వాహనాల సిగ్నళ్ళు వింటున్నాయి. అమెరికా ఈగిల్ ఒకటి, రష్యా లూనా 15 ఇంకొకటి. అవును, అదే వారం రష్యా వాళ్ళ యంత్రం కూడా చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉంది, 21న కూలిపోయింది. అమెరికా అబద్ధమాడుతుంటే పట్టుకోవడానికి రష్యా కన్నా ఎక్కువ కారణం ఎవరికుంది?

తర్వాత జపాన్. 2007లో వెళ్ళిన కగుయా ఉపగ్రహం చంద్రుడి కొండల ఎత్తులు కొలిచింది. ఆ కొలతలతో కంప్యూటర్‌లో అపోలో 15 దిగిన చోటు కొండల్ని గీస్తే, 1971లో వ్యోమగాములు తీసిన ఫోటోలో వెనక ఉన్న కొండల వరసతో సరిపోయింది. 1971లో స్టూడియో పరదా మీద ఆ కొండల్ని అంత కచ్చితంగా ఎవరు గీస్తారు, ఏ కొలతలతో?

2009లో నాసా ఎల్ఆర్ఓ ఉపగ్రహం అపోలో దిగిన చోట్లని పైనుంచి తీసింది. "నాసాదే కదా, వాళ్ళ మాట మేం నమ్మం" అంటారా? సరే. శ్రీహరికోట నుంచి 2019 జూలై 22న లేచిన చంద్రయాన్-2. దాని ల్యాండర్ కూలిపోయింది గానీ, ఆర్బిటర్ బాగానే తిరుగుతోంది. దాని మీదున్న కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పాతిక సెంటీమీటర్ల వస్తువుని ఒక పిక్సెల్‌గా చూడగలదు. 2021లో అది తీసిన ఫోటోలో అపోలో 11 ఈగిల్ కింది భాగం, ఇప్పటికీ అక్కడే నిలబడి కనిపిస్తుంది. పెద్దగా ఏమీ ఉండదు, నీడతో ఒక చిన్న తెల్ల దిమ్మ. కానీ ఆ కెమెరా మనది.

ఇంకొకటి చెప్పాలి. మన విక్రమ్ ల్యాండర్ 2019 సెప్టెంబర్‌లో కూలినప్పుడు, దాని ముక్కలు ఎక్కడున్నాయో మొదట పట్టుకున్నది చెన్నైలో ఉద్యోగం చేసుకునే ఒక ఇంజనీర్. ఇంట్లో కూర్చుని, ఎల్ఆర్ఓ పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టుకుని రాత్రుళ్ళు పోల్చి చూశాడు. ఒక తెల్ల చుక్క కొత్తగా కనిపించింది. నాసాకి మెయిల్ పెట్టాడు, వాళ్ళు సరిచూసి డిసెంబర్‌లో ఆయన పేరుతో సహా ప్రకటించారు. ఆ ఎల్ఆర్ఓ ఫోటోల్లో అపోలో వాళ్ళు నడిచిన బాటలూ ఉన్నాయి, మన ల్యాండర్ ముక్కలూ ఉన్నాయి. రెండోదాన్ని నమ్మి ఏడ్చిన మనం మొదటిదాన్ని స్టూడియో అనడం ఎలా కుదురుతుంది?

సంక్రాంతికి నాయుడుపేట వెళ్ళినప్పుడు ఇవన్నీ తాతయ్యకి ఫోన్‌లో ఒక్కొక్కటీ చూపించాను. కొండల సంగతి ఆయనకి పెద్దగా ఎక్కలేదు. చంద్రయాన్-2 ఫోటో చూసి, "ఇంత చుక్క కోసం అంత దూరం పోవాల్నా" అన్నాడు, కానీ ఫోన్ మాత్రం చేతిలో నుంచి వదల్లేదు. నేను మొదట పంపిన ఫోటో సంగతి మళ్ళీ ఎత్తి సారీ చెప్పాను. "నువ్వు చెప్పకుండా ఉండుంటే నేను పొయ్యేదాకా అదే అందరికీ చూపిస్తా ఉంటా కదరా" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆఖర్న ఆల్డ్రిన్ ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టాను. నల్లటి ఆకాశం అతికించిన అందమైనది ఒకటి. నేల ఒరిగిపోయి, యాంటెనా తెగిపోయిన అసలుది ఒకటి. చాలాసేపు చూసి, ఒరిగిపోయిన దాని మీద వేలు పెట్టాడు. "ఇది పెట్టు."

వాల్‌పేపర్ పెట్టాను. పైన ఖాళీ లేదు కదా, టైము అంకెలు వచ్చి సరిగ్గా ఆల్డ్రిన్ హెల్మెట్ మీద కూర్చున్నాయి. కిందికి జరుపుతాను తాతా అంటే, "ఉండనీలే, ఆ మనిషి ఎవరో నాకు తెలుసుగా" అని ఫోన్ జేబులో పెట్టుకుని టీ కొట్టు వైపు నడిచాడు.

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం.